నాలుగు పోగులు

మొన్న శ్రావణానికి ముందు సంగతి. ఎన్నిసార్లు తలుచుకున్నా తప్పెవరిదో నాకు తేలడం లేదు.

గద్వాలలో మా వీధంతా మగ్గాలే. మాకందరికీ దారం ఇచ్చి చీరలు పట్టుకుపోయేది ఒకే సేటు. ఎదురింటి అక్క ఇల్లు గడిచేది ఆమె నేసే మగ్గం మీదే. ఒకరోజు, ఆయనిచ్చిన పట్టుకు రంగు దిగుతోందని ఆమె సేటు మొహం మీదే అనేసింది. ఆయన ఆమెకు పడుగు దారం ఇవ్వడం మానేశాడు. పడుగు లేని మగ్గం వట్టి కట్టెలు.

నాకు ఉక్రోషం ఆగలేదు. వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను: అక్కకు పడుగు ఇచ్చేదాకా, సోమవారం నుంచి ఎవరూ మగ్గం ఆడించొద్దు. చూస్తుండగానే బొటనవేళ్ల బొమ్మలు వరసకట్టాయి. మాలో ఇంత ఐకమత్యం ఉందా అని ఛాతీ పొంగిపోయింది. ఆ మాట అక్కకు ఇంటికెళ్లి చెప్పింది కూడా నేనే. ఆమెది బటన్ల ఫోను, గ్రూపులో లేదు.

సోమవారం పొద్దున వీధిలో కుక్కర్ కూతలు తప్ప చప్పుడు లేదు. కానీ నా చీరలో, నూలూ పట్టు అంచూ కలిసే చోట, పోగు సగంలో ఆగి ఉంది. అట్లాగే వదిలేస్తే అతుకు వదులై కంత పడుతుంది. అది చూస్తూ నాకు టీ కూడా దిగదు. మగ్గం గుంతలోకి దిగి నాలుగు పోగులు, నాలుగంటే నాలుగే, నేసి లేచాను.

గ్లాసు పట్టుకున్నానో లేదో, పక్కింట్లో టక టక మొదలైంది. తర్వాత దాని పక్కింట్లో. తర్వాత వీధి చివరిదాకా. నాకు ఒళ్లు మండింది. మాట తప్పిందెవరని గ్రూపులో అడిగాను. పక్కింటి మామ దగ్గరికే పోయాను.

"నన్నంటవేంది? నీ మగ్గం ఇనవడ్డంకనే గద నేను కూసున్న. సేటు ఒప్పుకున్నడేమో, నీకు ముందే తెల్సిందేమో అనుకున్న."

"జర ఫోన్ల అడగొద్దా మామా?"

"ఫోన్ల ఏముంది? అందరు బొమ్మ పెట్టిండ్రని నేను గూడ పెట్టిన. మగ్గం సప్పుడు అబద్ధం చెప్తదా?"

వాళ్లు ఒప్పుకున్నది నా మాటకా, పక్కవాళ్ల బొటనవేలికా? తిడితే నన్ను నేనే తిట్టుకోవాలా? నేను నేసింది నాలుగు పోగులే కదా!

ఇంటికి మళ్లితే ఎదురింటి గడపలో అక్క. చేతిలో చీపురు, జుట్టు నిండా దుమ్ము. వెనక ఆమె మగ్గం గుంత శుభ్రంగా ఊడ్చి ఉంది. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"అందరి మగ్గాలు మొదలైనయి తమ్మీ. సేటు ఒప్పుకున్నడన్నట్టే గద! నా పడుగు ఇయ్యాల్నే వస్తదా, రేపా?"

"రేపొస్తది అక్కా," అన్నాను. ఎందుకట్లా అన్నానో నాకిప్పటికీ తెలియదు.