పదకొండు గుడ్లకు జలదానం

శ్రీరస్తు. విఘ్నాలను తొలగించే దేవునికి నమస్కరించి, ఆయన ఆనాడు తొలగించక విడిచిన విఘ్నాన్ని, అనగా నన్ను గూర్చి, ఈ జ్యేష్ఠ శుద్ధ పంచమినాడు వ్రాస్తున్నాను. నవ్వులకు పిలిచి విషాదం వడ్డించానని పాఠకులు అలగరాదు.

మూడేండ్ల క్రితం, బేతంచెర్లలో మా పొరుగింటి ఖాజాబీ నల్లపెట్టను, అది పొదుగుకు కూర్చోకముందే, కుక్క పట్టుకుపోయింది. పదకొండు గుడ్లు మిగిలాయి. ఆమె వాటిని కొంగులో తెచ్చింది.

"సారూ, మీ ఇంట్లో కరెంటు పెట్టె ఉండాది గదా. ఇవి పోతే మాయమ్మ ఇచ్చిన కోళ్ల జాతి ఇంగ లేనట్టే."

పదవీ విరమణానంతరం పొద్దుపోక కొన్న ఆ పొదుగుపెట్టె అంతవరకు ఒక్క పిల్లనూ ఎరుగదు. దానిపై నా ఉపన్యాసాలను మాత్రం వీధి యావత్తూ ఎరుగును.

పెట్టెలో తేమను చూపే ముల్లు నూటికి నలభై అయిదు దగ్గర నిలిచింది. అమ్మినవాడు ఫోనులో, "ఆడనే ఉండనీండి సారూ. కడపటి మూడు దినాల్లోనే పెంచల్ల" అన్నాడు. ముప్పై యేండ్లు పేపర్లు దిద్దినవాణ్ణి, నలభై అయిదుకు తృప్తిపడతానా? పైగా వైశాఖం, నాపరాతి అరుగుమీద అప్పడం పెడితే వేగే ఎండ. పెట్టెలోని నీళ్ల తొట్టె నిండా పోశాను. తడి తువాలు పరిచాను. ముల్లు ఎనభై దాటింది. పదకొండు గుడ్లూ ప్రథమశ్రేణి!

మా ఇల్లాలు ఖాళీ బిందెతో వచ్చి నిలిచింది. "ట్యాంకరుకాడ నిలబడి నా నడుం ఇరుగుతాండాది. మీరు గుడ్లకు అభిషేకం చేస్తాండారు. అవి అడిగినాయా మిమ్మల్ని?"

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అమ్మను మించినవాణ్ణి.

"పోయనీలే అక్కా," అన్నది ఖాజాబీ. "శానా ఎండలు. లోపల పిల్లలకు నోరెండదా, పాపం?"

నీరెక్కువైతే కీడని మా సీమలో ఎవరు ఊహించగలరు చెప్పండి!

పిల్లలు లేవవలసిన ఇరవై ఒకటవ దినం వచ్చింది, దాటింది. పెట్టెలో అలికిడి లేదు. మరి రెండు దినాలు చూచి, ఖాజాబీ ఒక గుడ్డును చెవికి ఆనించుకొని విన్నది. పిదప బండమీద మెల్లగా చిట్లగొట్టింది. నూగుతో సహా నిండుగా ఎదిగిన నల్లని పిల్ల, దానివెంట నీళ్లు. గుడ్డులోని తడి కొంత ఆరితేనే పిల్లకు ఊపిరాడే చోటు ఏర్పడుతుందట. నేను ఆరనిచ్చానా? పదకొండూ అంతే.

ఖాజాబీ వాటిని మళ్లీ కొంగులోకి ఎత్తుకున్నది.

"మన పక్క నీళ్లు లేక సచ్చిండేటివి శానా చూసినా సారూ. నీళ్లల్లో మునిగి సచ్చిండేది ఈటినే చూస్తాండా."

కనుక సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో గుడ్డు దాహం తీర్చను; మరుజన్మలో కోడినై పుట్టినా తీర్చను.

ఆ యేడు శ్రావణ శుద్ధ తదియనాడు, ఖాజాబీ సంతలో కొన్న ఎర్రపెట్ట గంపలో పొదిగి తొమ్మిది పిల్లలను లేపింది. నల్లది ఒక్కటీ లేదు.