లద్ది వేసిందా అని అడిగితే

ఒక్క మాట ఇన్నేళ్లుగా నా నాలుక మీద నుంచి దిగలేదు. అన్నం తింటున్నా ఉంటుంది, నవ్వుతున్నా ఉంటుంది. మా ఆయనకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

గచ్చిబౌలిలో అద్దాల ఆఫీసుల వెనక మాకు రేకుల షెడ్డు ఉండేది. అందులో మా తెల్ల గుర్రం, ముత్యాలు. ఊరేగింపుల్లో పెళ్లికొడుకులను మోసేది. మా ఇద్దరికీ అదే అన్నం పెట్టింది.

తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులు. గడ్డి బండి రాలేదు. ఆయన గడ్డి వెతుక్కుంటూ లింగంపల్లి వైపు పోయాడు. పోతూ, "ఉన్న ఎండుగడ్డి వెయ్యి. వేరేది ఏం పెట్టకు" అన్నాడు. ఆ రోజు పక్క ఫంక్షన్ హాల్లో పెళ్లికి సగం మంది రాలేదు. వంటాయన పిలిచి తపేలా నిండా బగారన్నం ఇచ్చాడు. ముత్యాలు మెడ చాపింది. ఆకలి నోరు కదా, పెట్టాను. తిన్నంత పెట్టాను.

మధ్యాహ్నానికి గడ్డి ముట్టలేదు. ముందుకాలితో నేల గీరింది. మాటిమాటికీ మెడ తిప్పి తన కడుపు వైపే చూసుకుంది. పడుకుంది, లేచింది, మళ్లీ పడి పొర్లింది. నాకు తెలియదా? మా మామ బతికున్నన్నాళ్లూ చెప్పాడు, గుర్రానికి కక్కడం రాదు, లోపలికి పోయింది కిందికి దిగాల్సిందేనని. గుర్రం పేడను మేము లద్ది అంటాం. పొద్దుటి నుంచి షెడ్డులో లద్ది లేదు.

ఫోన్ చేశాను. "ఈడ బంద్ అయింది" అన్నాను. నేను చెప్పింది దాని కడుపు సంగతి.

"బంద్ అని నాకెరుక లేదా? రోడ్డు మీదనే ఉన్న గద" అని నవ్వాడు.

"గది కాదు. ముత్యాలు పరేషాన్ ఉన్నది. పొర్లుతున్నది."

నవ్వు ఆగింది. "లద్ది వేసిందా?"

ఖాళీ తపేలాను కాలితో పక్కకు నెట్టాను.

"వెయ్యకుంటే చెప్పు, డాక్టర్ను ఎక్కించుకొని వస్త. మూగజీవి పానమంటే బంద్ చేసే పోరగాళ్లు అడ్డం పడరు. ఏం పెట్టినవ్ దానికి?"

"గడ్డే పెట్టిన. లద్ది వేసింది."

"గట్లయితే గాలి పట్టిందేమో. జర నడిపియ్యి. గడ్డి దొరికినంక వస్త."

ఎందుకలా అన్నాను? తిడతాడనా? ఆయన తిట్టే మనిషి కాదు. బహుశా అందుకేనేమో. ఫోన్ నా చేతిలోనే ఉంది, మళ్లీ చేసి నిజం చెప్పవచ్చు, కానీ చెబితే అన్నం పెట్టినదీ అబద్ధం ఆడినదీ రెండూ ఒప్పుకోవాలి గనుక, ఇప్పుడు వేస్తుందేమో, ఇంకాసేపటికి వేస్తుందేమో అనుకుంటూ దాన్ని షెడ్డు చుట్టూ తిప్పుతూనే ఉన్నాను. చివరికి అది నడవనంది.

ఆయన వచ్చేసరికి ప్రాణం పోయింది. గడ్డిమోపు దించకుండానే దాని మెడ పక్కన కూలబడ్డాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

డాక్టర్ వస్తే బతికేదా? ఏమో. పిలవనియ్యలేదు కాబట్టి ఎన్నటికీ తెలియదు.

రాష్ట్రం వచ్చాక ఇంటికి ఎవరొచ్చినా ఆయన చెబుతాడు: "అందరూ ఏదో ఒకటి ఇచ్చిండ్రు. ఆ బంద్‌లల్ల మేము మా ముత్యాలును ఇచ్చినం." వచ్చినవాళ్లు తల ఊపుతారు. నేను చాయ్ పోస్తాను. నిన్న కూడా చెప్పాడు. చెబుతూ నా వైపు తిరిగి, "అవునా, కాదా?" అన్నాడు.

అవునన్నాను.

ఈ పొద్దున ఆయన బయటికి పోయాక కూర్చుని ఇది రాశాను. బగారన్నం నేనే పెట్టాను. లద్ది వేయలేదు. ఊపిరి కొంచెం ఆడుతోంది.