మగ్గం గుంట పక్కన పెట్టిన కర్ర

మొన్న మా ఆఫీసులో, భోజనాల గది పక్కనున్న ఖాళీ జాగాలో కొత్తగా స్నూకర్ టేబుల్ వేశారు. పెట్టె విప్పి తీసిన క్యూ కర్రలన్నీ ఒకే రంగు, ఒకే బరువు, ఒకే మెరుపు. ఒక సహోద్యోగి వంగి తెల్ల బంతిని కొట్టబోతుంటే మిగతావాళ్ళంతా టేబుల్ చుట్టూ చేరారు, నేను మాత్రం నాకు తెలియకుండానే గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఏమైందని నవ్వుతూ అడిగారు. రెండు మాటల్లో చెప్పేది కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో డిప్లొమా చేతపట్టుకుని, ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియక దొరికిన పనిలో కుదురుకున్న నా ఈడు వాళ్ళకైతే చెప్పొచ్చనిపించింది.

నాకు దొరికిన పని పోచంపల్లిలో, మా నాయిన వాళ్ళ అన్న దగ్గర. ఆయనను పెద్దబాపు అనేవాణ్ణి. మాది నేత కుటుంబం. పెద్దమ్మ లోపలి గదిలో, కాళ్ళు గుంటలో దింపి కూర్చునే గుంట మగ్గం మీద టై అండ్ డై చీరలు నేసేది. పెద్దబాపు మాత్రం వయసులోనే నేత వదిలి మగ్గాల వడ్రంగం పట్టుకుని, వీధి వైపున్న రేకుల షెడ్డులో కర్రను తిప్పుతూ చెక్కే లేత్ పెట్టుకుని, నూలు కండెతో అటూ ఇటూ పరుగెత్తే నాడెలు, పోగులను వరుసలో ఉంచే అచ్చు బిగించే చట్రాలు చేసి ఊరంతటికీ ఇచ్చేవాడు. మగ్గాలు తగ్గుతూ వస్తున్న రోజుల్లో, భువనగిరిలో మేడ మీద స్నూకర్ పార్లర్ నడిపే ఒకాయన విరిగిన క్యూ కర్ర తెచ్చి, నాడె చేసేటోనివి దీన్ని జేయలేవా అని రెచ్చగొట్టాడట. పెద్దబాపు దాన్ని అతకలేదు, కొత్తది చేసి ఇచ్చాడు. షెడ్డు బతుకు అలా మారింది.

నేను చేరాక పని పంచుకున్నాం. యాష్ అనే విదేశీ కర్రలో నార నిటారుగా ఉన్న పలకలు ఏరడం, లేత్ మీద దించడం, కొలవడం నావి. రందాతో చిత్రిక పట్టి కర్రను కొస దాకా సన్నంగా తీయడం, పిడి భాగంలో నల్ల కర్రను బాణం మొనల్లా పొదగడం ఆయనవి. వెంట్రుకవాసి వంకనైనా ముల్లుతో చూపే డయల్ గేజ్ కొనుక్కున్నది నేనే. గాజు పలక మీద కర్రను దొర్లించి, కింద వెలుతురు కనబడకపోతేనే అవిసె నూనె పట్టించేవాళ్ళం. ఇన్ని చేసినా పెద్దబాపు దృష్టిలో అది ఇంకా క్యూ కాదు, ఆడి చూసేదాకా వట్టి కర్రే.

ఆడి చూసే పద్ధతి ఆయన మగ్గాల నుంచే తెచ్చుకున్నాడు. కొత్త నాడె ఇచ్చినప్పుడు నేసేవాళ్ళ పక్కన నిలబడి చూసేవాడు కాదు, మొహం గోడకు తిప్పుకుని చప్పుడు వినేవాడు. తన కళ్ళు తన పని వైపే మాట్లాడతాయనీ, చెవులకు ఆ మొహమాటం లేదనీ చెప్పేవాడు. భువనగిరి పార్లర్‌లోనూ అంతే. పొద్దున టేబుళ్ళు ఖాళీగా ఉన్న వేళ ఆయన గోడకు తిరిగి నిలబడితే, ఒకరు బంతి కొట్టాలి. ఆ ఒకరు ఆయన బిడ్డ, మా అక్క. మొదట్లో పార్లర్ కుర్రాళ్ళు ఆమెను చూసి ముసిముసిగా నవ్వేవాళ్ళు. ఊళ్ళో ఎవరికీ అందనన్ని కర్రలు తన చేతి మీదుగా పోయి, ఒక్కో కర్ర తప్పును ఒక్కోలా సర్దుకుని కొట్టడం అలవాటైన అక్క కొన్నాళ్ళకు వాళ్ళందరినీ ఓడించి కూర్చోబెట్టింది.

ఆమెకంటూ సొంత క్యూ లేదు. షెడ్డులో మొట్టమొదట చేసిన, పిడి దగ్గర ముడి ఉన్న, నూనె కూడా సరిగా పట్టని కర్ర ఒకటి ఎవరూ కొనక మిగిలితే, కొత్తవాటిని దానితో పోల్చి చూడడానికి వాడేది. తక్కిన వేళ అది రేకుల కింద, ఎండలో, లేత్ పక్కన పడి ఉండేది.

రాష్ట్ర మహిళా జట్టుకు సెలక్షన్ అని తెలిసిన ఏడు, పెద్దబాపు ఇంట్లో ఒక మాట ఖాయం చేశాడు. జట్టులోకి వస్తే ఆట. రాకపోతే హైదరాబాదులో చీరల దుకాణంలో కుదిర్చిన కొలువు. అక్క ఎదురు చెప్పలేదు. మాట అన్న మనిషే మర్నాటి నుంచి ఆమె కోసం క్యూ మొదలుపెట్టాడు. అంత శ్రద్ధగా ఆయన చేసిన వస్తువు నేను మరొకటి చూడలేదు. పూర్తయ్యాక దాన్ని షెడ్డులో ఉంచనివ్వక, లోపల మగ్గం గుంట పక్కన, పట్టు నూలు దాచే మూలలో నిలబెట్టాడు. నూలు తెగకుండా పెద్దమ్మ రోజూ నీళ్ళు చల్లి గదిని చల్లగా ఉంచేది. విలువైనదేదైనా అక్కడే పెట్టడం ఆ ఇంటి అలవాటు. నాకూ సబబుగానే తోచింది. ఆ వానాకాలమంతా అది అక్కడే ఉంది. దొర్లించినప్పుడల్లా నా గేజు ముల్లు కదల్లేదు, భువనగిరిలో కొట్టినప్పుడల్లా ఆయన చెవి వంక పెట్టలేదు.

సెలక్షన్‌కు ముందు రోజు ముగ్గురం హైదరాబాదు బస్సెక్కాం. కొత్త క్యూతో పాటు ముడి కర్రను కూడా ఒకే పాత దుప్పట్లో చుట్టాడు పెద్దబాపు. కొత్త నాడె వచ్చినా, మొదటి చీర దిగేదాకా పాతదాన్ని మగ్గం దాటనివ్వకూడదని ఆయన పట్టింపు.

కండక్టర్ ఆ మూట చూసి, "ఏం పెద్దయ్యా, మూసిల చేపలు వట్టవోతున్నరా?" అన్నాడు.

"చేపలు గాదు బిడ్డా, బంతులు," అన్నాడు పెద్దబాపు, నవ్వకుండా.

సెలక్షన్ జరిగే హాల్లో సాయంత్రం ప్రాక్టీసు బాగానే సాగింది. కర్రలు అక్కడి స్టాండులోనే పెట్టి వెళ్ళాలన్నారు, ముడి కర్రను దుప్పట్లోనే ఉంచి రెండూ పెట్టి వెళ్ళాం. రాత్రంతా ఏసీ ఆపరని మాకు తెలుసు గాని, అది మాకు సంబంధించిన సంగతని తోచలేదు. పొద్దున్నే అక్క దూరపు బంతి ఒకటి కొట్టింది. టేబుల్ మూలనున్న జేబు అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ అదే అంచు. నేను కర్ర తీసుకుని టేబుల్ మీద దొర్లించాను. మధ్యలో వెంట్రుకవాసి వెలుతురు కనబడి, మూసుకుని, మళ్ళీ కనబడింది. తడి గదిలో నెలల తరబడి పీల్చుకున్న తేమను పొడి గాలి లాగేసింది. కర్ర ఒక వైపు ముడుచుకుంది. అక్క చెవిలో చెప్పాను, ముడి కర్ర తీసుకొమ్మని.

"నీ గేజు జేబుల వెట్టుకో తమ్మీ," అంది, గోడ దగ్గరున్న తండ్రి వైపు చూస్తూ. "గెల్సినా ఓడినా గిదే."

మొదటి ఫ్రేమ్, అంటే మొదటి ఆట, ఓడింది. తప్పును సర్దుకోవడం ఆమెకు తెలియక కాదు, కర్ర కొట్టుకొట్టుకూ కొంచెం మారుతూ ఉంటే దేనికని సర్దుకుంటుంది? జట్టులోకి రావాలంటే ఎదుటి అమ్మాయి మీద మూడింట రెండు గెలవాలి. ఇంకొకటి పోతే చీరల దుకాణమే. రెండో ఫ్రేమ్‌కు బంతులు పేరుస్తుండగా పెద్దబాపు గోడ దగ్గర నుంచి కదిలి వచ్చాడు. చప్పుడులో ఆయనకూ అప్పటికే అర్థమైనట్టుంది. అక్క చేతిలోని క్యూను మెల్లగా తీసుకుని, దుప్పటి విప్పి ముడి కర్ర అందించాడు. అక్క చేయి చాచలేదు.

"రెండూ నేన్ జేసినయే గద బిడ్డా. గిది ఎండల వెరిగింది, దీనికేం గాదు. వట్టు."

పట్టుకుంది. రెండో ఫ్రేమ్ గెలిచింది. మూడోది చివరి నల్ల బంతి దాకా వచ్చింది, అది జేబులో వేసినవాళ్ళదే గెలుపు. ఎదుటి అమ్మాయి కొట్టింది, తప్పింది. అక్క కొట్టింది, జేబు మూతిలో ఊగి బయటికి వచ్చింది. ఆ అమ్మాయి మళ్ళీ కొట్టబోయి బంతిని టేబుల్ అవతలి అంచు దాకా తోసింది. ఇక అక్క వంతు, టేబుల్ పొడవునా కొట్టాల్సిన బంతి. పెద్దబాపు మళ్ళీ గోడకు తిరిగి నిలబడ్డ చోట సరిగ్గా నెత్తి మీద ఏసీ పెట్టె మోగుతోంది. ఆయన చెవి మీద చేయి అడ్డం పెట్టుకోవడం, తీయడం, మళ్ళీ పెట్టుకోవడం చూశాను. అక్క వంగింది. అప్పుడు ఆయన ఇటు తిరిగాడు. తన చేతిపనిని ఎవరైనా ఆడుతుండగా ఆయన కళ్ళతో చూడడం నాకు తెలిసి అదొక్కసారే. నల్ల బంతి నేరుగా వెళ్ళి జేబులో పడింది. చప్పట్లు మొదలయ్యాక కూడా ఆయన ఆ జేబు వైపే చూస్తూ నిలబడ్డాడు.

అక్క జట్టులోకి వెళ్ళింది. చీరల దుకాణం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వంగిన క్యూను ఇంటికి తెచ్చి మగ్గం గుంట పక్కనే పెడితే, కొన్ని వారాలకు అది తిరిగి నిటారైంది. బయటకు తీసుకెళ్తే వంగేది, ఇంట్లోకి తెస్తే సర్దుకునేది. అందుకని దానితో ఎవరూ ఆడలేదు, ఎవరికీ అమ్మలేదు.

ఆఫీసు టేబుల్ ముచ్చట చెబుదామని పోయిన ఆదివారం పోచంపల్లి వెళ్ళాను. అక్క భువనగిరిలో పిల్లలకు ఆట నేర్పి అప్పుడే వచ్చింది. వాళ్ళ కోసం తెప్పించిన క్యూలు కూడా పెట్టెల్లో వచ్చినవే. పెద్దమ్మ మోకాళ్ళు గుంటలో దిగనివ్వక మగ్గం విప్పేశారు, గుంట పూడ్చి గదంతా టైల్స్ వేశారు, నీళ్ళు చల్లే పని లేదు. క్యూ మాత్రం ఆ మూలలోనే ఉంది. తీసి నేల మీద దొర్లించాను. పెద్దబాపు కుర్చీలోనే మొహం గోడకు తిప్పుకున్నాడు. టక్, టక్ మని కర్ర ఎగిరెగిరి పడుతూ వెళ్ళి గడపకు తగిలి ఆగింది.

"ఇల్లు ఎండిపోయింది," అన్నాడాయన.

నా సంచిలో ఇప్పుడు అప్పటికంటే ఎంతో మంచి గేజు ఉంది. తీయలేదు. ఆ కర్ర ఎంత వంగిందో అది చెబుతుంది గాని, రోజూ చల్లిన నీళ్ళతో దాన్ని నిటారుగా నిలబెట్టిన గది ఎటు పోయిందో చెప్పలేదు. కర్రను మళ్ళీ ఆ మూలలోనే నిలబెట్టి వచ్చాను.