కంట్రోలు చక్కెర

సాయంత్రం నాలుగు దాటిందంటే నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి పోయి ఒక డబ్బా మూత తీస్తాను, పెసరపప్పు; ఇంకొకటి తీస్తాను, వాము; మూతలు పెట్టేసి, మంచినీళ్ల కోసం వచ్చినదానిలాగా ఒక గ్లాసు తాగి ముందుగదిలోకి వస్తాను, కాసేపటికి మళ్లీ అదే తిరుగుడు. పోయిన నెల నా రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరమ్మ తెల్ల చక్కెర ముట్టుకోవద్దని చెప్పింది. ఆ పూటే మా కోడలు ఇంట్లో ఉన్న చక్కెరంతా పనిమనిషికి ఇచ్చేసి, ‘ఇంట్ల ఉంటెనే గదా అత్తమ్మా, మీకు యాదికొచ్చేది’ అని నవ్వింది. పిల్ల నా మంచికే చేసింది, కాదనను. కానీ చక్కెర లేని చాయ్ ఒక చాయేనా చెప్పండి! టీవీ పెడితే చిరాకు, ఆపితే చిరాకు, ఎవరైనా పలకరిస్తే చిరాకు, పలకరించకపోతే ఇంకా చిరాకు. మన ఈడువాళ్లు నలుగురు కలిస్తే ఇప్పుడు మాట్లాడుకునేది ఈ ముచ్చటే కాబట్టి, నా అవస్థ మీకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ తిరుగుడులోనే నాకు మా బాపు పదేపదే గుర్తుకొస్తున్నాడు. ఎనభైల నాటి మాట. నల్లగొండ జిల్లాలో మాదొక చిన్న ఊరు, అందులో మగ్గాల వాడ. ముందుగదిలో నేలలోకి తవ్విన గుంట, ఆ గుంటలోకి కాళ్లు జారవిడిచి కూర్చుని, తొక్కుడు చెక్కలు తొక్కుతూ బాపు చీరలు నేసేవాడు. చూసేవాళ్లకు చేతులే కనిపిస్తాయి గానీ మగ్గం నడిచేది కాళ్ల మీదే, కాలు ఆగిందంటే మగ్గం ఆగినట్టే, మగ్గం ఆగిందంటే మా పొయ్యి ఆగినట్టే. బాపుకు బీడీ లేదు, కల్లు లేదు, ఉన్న ఒకే ఒక్క షోకు చాయ్, అదీ చెంచా నిలబడేంత చక్కెరతో. అమ్మ ఎంత వేసినా ఒక గుటక తాగి, ఇంకా సాలలేదన్నట్టు ఆమె చేతి వైపే చూసేవాడు.

నేనప్పుడు అచ్చంపేట పక్కన, నల్లమల అంచున ఉన్న ఒక పల్లెలో పంతులమ్మగా కొత్తగా చేరాను. దేవరకొండ మీదుగా బస్సులు మారుకుంటూ ఇల్లు చేరేసరికి పొద్దు గుంకేది, అందుకని సెలవులకే రాక. నేను లేని ఆ నెలల్లోనే బాపు కాలి బొటనవేలికి తొక్కుడు చెక్క గీసుకుని చిన్న గాయమైందట, అది ఎన్నాళ్లకూ మానక పుండై రసి కారుతుంటే అమ్మ ఆయన్ను బస్సెక్కించి నల్లగొండలో ఒక దవాఖానకు తీసుకుపోయిందట. అక్కడి డాక్టరు పడుచు వయసువాడు, మన వైపు మాట కాదు. ఒంట్లో షుగర్ చాలా ఉందని, ఇక నుంచి షుగర్ కంట్రోల్లో ఉండాలని, లేకపోతే పుండు పైకి పాకి కాలు తీసేయాల్సి వస్తుందని చెప్పాడు. షుగర్ అంటే ఏమిటని అమ్మ బయట మందులిచ్చే మనిషిని అడిగితే, ‘శక్కరేనమ్మా’ అన్నాడు.

శక్కర కంట్రోల్లో ఉండాలె! ఇప్పుడు నా మనవరాలికి చెబితే ఇందులో ఏముందని అడిగింది, మీకైతే ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మన వైపు రేషను దుకాణాన్ని ఎవరైనా రేషను దుకాణం అన్నారా? కంట్రోల్ దుకాణం, కంట్రోల్ బియ్యం, కంట్రోల్ శక్కర. అమ్మకు అనుమానమేమీ రాలేదు గానీ, బాపు జాగ్రత్త మనిషి కనుక మళ్లీ లోపలికి పోయి ‘కంట్రోల్దేనా సారూ’ అని అడిగాడట. ఆ డాక్టరు ఇంకో రోగి గుండె మీద గొట్టం పెట్టి చూస్తూనే, అవును, కంట్రోల్ తప్పకూడదు అన్నాడట. ఇంకేం కావాలి! బజారు చక్కెర తళతళలాడుతుంది, దాంట్లో ఏం మందులు కలుపుతారో ఏమో, కంట్రోలుది కాస్త మసకగా ఉన్నా సర్కారు ఇచ్చేది, అందుకే డాక్టరు అదే తినమన్నాడు, ఇదీ మావాళ్లకు అర్థమైన తీరు. ఆ రోజే అమ్మ బజారు చక్కెరను గడప దాటించింది.

అయితే మా కార్డు మీద వచ్చే చక్కెర బాపు చాయ్‌లకు ఏ మూలకు? సంగతి వాడంతా తెలిసిపోయింది, నేసేవాడి కాలు పోతుందంటే ఆ వాడలో ఎవరికి గుండె ఆగలేదు కనుక! తలా ఒక గ్లాసు కంట్రోల్ చక్కెర తెచ్చిపోశారు. అందరికంటే ఎక్కువ తెచ్చింది మా గోడ పక్కింటి ముస్లిమామె, మేము చాచీ అనేవాళ్లం. ఆమె పెనిమిటి సైకిళ్లు బాగుచేసేవాడు, ఇంటినిండా పిల్లలు, ఆమె అన్నదమ్ములు లేని మనిషి కావడంతో మా బాపునే అన్నా అని పిలిచేది. వాళ్ల కార్డు మీద వచ్చిన చక్కెర వచ్చినట్టే మా ఇంటికి చేరేది, రంజాను నెలలో సైతం. ఆమె పిల్లలు బెల్లం ముక్క నోట్లో వేసుకుని వట్టి చాయ్ తాగేవారు.

దసరా సెలవులకు నేను ఇల్లు చేరేసరికి ఇదీ పరిస్థితి. గుమ్మంలోనే పుండు వాసన తగిలింది. వేలు నల్లబడింది, కట్టు తీస్తే చూడలేకపోయాను, బాపు మాత్రం గోడకు ఆనుకుని తృప్తిగా చాయ్ తాగుతున్నాడు. ఇంత తీపి ఎందుకని నేను కసిరితే అమ్మ మహా గర్వంగా, ‘ఫికర్ లేదు బిడ్డా, అంత కంట్రోల్దే, ఒక్క పలుకు బజార్ది లేదు’ అంది. నాకు ముందు నవ్వొచ్చింది, నిజం, పకపకా నవ్వాను. ఆ వెంటనే గడపలో కూలబడ్డాను. ఏడుస్తూ, ఏడుస్తూనే అరుస్తూ అసలు అర్థం చెప్పాను. బాపు గ్లాసు కింద పెట్టి దూరంగా నెట్టాడు.

మర్నాడే దవాఖానకు తీసుకుపోయాను. బొటనవేలు తీసేయక తప్పదన్నారు, తీసేశారు, ఆపైన పాదం నిలుస్తుందో లేదో చక్కెర మానిన తీరును బట్టి చెప్తామన్నారు. నేను సెలవు పొడిగించుకుని ఉండిపోయాను. ఇంటికి వచ్చాక మొదలైంది చూడండి మా అందరి అవస్థ. కాలు చాపి మంచం మీద ఉండాల్సిన మనిషి కట్టె పట్టుకుని వాకిట్లోకి, వాకిట్లోంచి లోపలికి, మగ్గం దగ్గరికి పోయి నూలు ముట్టుకోవడం, వదిలేయడం. అమ్మ మీద అరిచేవాడు, ఎండ మీద అరిచేవాడు, ఎన్నడూ లేనిది నా మీద కూడా ఒకసారి చెయ్యెత్తి ఆగిపోయాడు. ఆ తలతిక్కంతా చక్కెర లేకనే అనుకున్నాం. సగం అదే.

మిగతా సగం చాచీ. సంగతి తెలిసిన పూట ఆమె మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. ‘నా పిల్లల నోరు కట్టి తెచ్చి, నా చేతుల్తోనే అన్నకు జహర్, విషం పోసిన గదనే’ అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నీ తప్పేముందని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు నుంచి మా ఇంటి ముఖం చూడలేదు, మేము ఎదురైతే తలవంచుకుని పోయేది. బాపు వాకిట్లోకి పోయి పోయి చూసేది ఆ గోడ వైపేనని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక సాయంత్రం ఆయన కట్టె పట్టుకుని, వద్దన్నా వినకుండా, వాళ్లింటికి బయలుదేరాడు. పడతాడేమోనని వెనకే పోయాను. వాళ్ల వాకిట్లో మంచం మీద కూర్చుని, ‘చెల్లే, జర చాయ్ పొయ్యి’ అన్నాడు. చాచీ రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, ‘వద్దన్నా, నా చేత్తో ఇంక ఏదీ ఇయ్య’ అంది. ‘శక్కర లేకుంటనే పొయ్యి. నీ ఇంట్ల చాయ్ తాగక నాకు మనసున పడతలేదు’ అన్నాడు బాపు. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. చాయ్ కాచి, చక్కెర వేయకుండానే అందరికీ గ్లాసుల్లో పోసింది, బాపుకు, నాకు, పెనిమిటికి, పిల్లలందరికీ. చిన్నపిల్ల ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టింది గానీ తల్లి చూపు చూసి కిక్కురుమనకుండా తాగేసింది. ఆ తర్వాత బాపు పోయినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరి చాయ్‌లోనూ చక్కెర ఉండేది కాదు. అట్లా చేయమని ఎవరూ అడగలేదు, అట్లా ఎందుకని ఎవరూ విప్పి చెప్పలేదు.

పాదం నిలిచింది. కుంటుకుంటూనే బాపు గుంటలోకి దిగాడు, తొమ్మిది వేళ్లతో తొక్కడం కొత్తగా నేర్చుకున్నాడు, ఆయన నేసిన చీరతోనే నా పెళ్లి జరిగింది. బాపు లేడు, అమ్మ లేదు, చాచీ కూడా వెళ్లిపోయింది. ఆ వాడలో మగ్గాల చప్పుడు కూడా ఒకటీ అరా తప్ప వినపడదంటారు, నేను పోయి చాలా ఏళ్లయింది.

మొన్న ఒక పెళ్లికి పోతే, షుగరున్నవాళ్లకు చాయ్ వేరుగా పెట్టామని నన్నూ నాలాంటి నలుగురినీ ఒక పక్క బల్ల దగ్గరికి మర్యాదగా సాగనంపారు. ఎవరిది వారికి సరిగ్గా అందింది, ఎవరి వల్లా పొరపాటు జరగలేదు. ఇప్పుడు ఇంటింటా వేలికొస గుచ్చి చూసుకునే మిషన్లున్నాయి, ఏది తినాలో ఏది కూడదో చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా చెప్తున్నారు, మంచిదే, మా బాపు కాలంలో ఆ తెలివి ఉండి ఉంటే ఆయన వేలు మిగిలేది. అయినా ఆ బల్ల దగ్గర నిలబడి ఆ చప్పటి చాయ్ మింగుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. ఇంత తెలిసిన మనుషుల మధ్య, నా కోసం అంత పెద్ద పొరపాటు చేసే మనిషి ఒక్కరూ లేరు.