ముప్పై గ్రాముల తేడా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇత్తడి, స్టీలు గిన్నెలన్నిటి మీదా నాయనమ్మ పేరే ఉండేది. అప్పట్లో గిన్నె కొంటే అంచు కింద పేరు చెక్కి ఇచ్చేవారు. అమ్మ తన పేరు చెక్కించుకున్నది ఒక్క సత్తు గిన్నె మీదే, అంటే అల్యూమినియం గిన్నె. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. తర్వాత ఆ గిన్నెకు అడుగున చిల్లు పడింది. నాన్న దాన్ని పారేయకుండా అటక మీద పెట్టారు.

తొమ్మిదో తరగతిలో కెమిస్ట్రీ ప్రాజెక్టు ఇచ్చారు. ఖనిజం నుంచి లోహం తీయడాన్నీ, పాత లోహాన్ని కరిగించి వాడుకోవడాన్నీ పోల్చి రాయాలి. అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీయడానికి పట్టే కరెంటులో ఇరవయ్యో వంతు చాలు, పాతది కరిగించడానికి. నాన్న కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవారు కాబట్టి కరెంటు లెక్కంటే నాకు సరదా. అయితే కరిగించినప్పుడు తరుగు ఎంత పోతుందో పుస్తకంలో లేదు. అది నేనే తూచి రాయాలనుకున్నాను. నాన్న డ్యూటీలో ఉండగా అటకెక్కి, చిల్లు గిన్నె కదా అని దాన్ని తీశాను.

మా వీధి చివర షెడ్డులో పాత సత్తు సామాను కరిగించి మూతలు, పిడులు పోసే తాతయ్య ఉండేవారు. గిన్నె తూచాం. ఆరు వందల గ్రాములు. తరుగు ముప్పై దాకా పోతుందని తాతయ్య ముందే చెప్పారు. గిన్నెను ముక్కలు కోసి మూసలో వేసేటప్పుడు నన్ను దూరంగా కూర్చోమన్నారు. కరిగించి, దిమ్మగా పోసి, చల్లారాక తూస్తే అయిదు వందల నలభై వచ్చింది.

"ఇంకో ముప్పై ఏదీ, తాతయ్యా?" అన్నాను.

"దొరికిపోయావు పెద్దాయనా, ఆడపిల్ల లెక్క కట్టేసింది," అని అక్కడ పనిచేసే ఆయన నవ్వాడు.

తాతయ్య నవ్వలేదు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. లోపల అరచేతిలో సగం ఉన్న ముక్క. దాని మీద అమ్మ పేరు.

"వెళ్ళేటప్పుడు ఇద్దామని దాచానమ్మా."

"మరి నా లెక్కో? అది కూడా వేసెయ్."

"వేస్తే పేరు పోద్ది, తల్లీ."

"లోహం పోదుగా. మా పాఠమే అది."

ఆయన "నా చేత్తో నేను వెయ్యను," అని పట్టకారు నాకిచ్చారు. నేనే వేశాను. అది విడిగా చిన్న దిమ్మయి ఇరవై తొమ్మిది గ్రాములు వచ్చింది. మొత్తం తరుగు ముప్పై ఒకటి. సరిపోయిందని సంతోషించాను కూడా.

ఇంటికొచ్చి నోట్సులో రాస్తుంటే తట్టింది. ఆ ముక్కను కరిగించక్కర్లేదు. తూచి, ఆరు వందల్లోంచి తీసేస్తే చాలు. రెండో తరగతి తీసివేత అది. పెన్సిలు పక్కన పెట్టేశాను.

సాయంత్రం నాన్న వచ్చి బల్ల మీద దిమ్మలు చూశారు. అటక వైపు చూశారు. పెద్ద దిమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు, ఏదో వెతుకుతున్నట్టు. నేను తిట్ల కోసం చూస్తున్నాను.

"లెక్క సరిపోయిందా, అమ్మా?" అన్నారు అంతే. బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళు వదిలిపెట్టారు.

ప్రాజెక్టుకు మొదటి బహుమతి వచ్చింది. దాన్ని నేను ఇంటికి తీసుకెళ్ళలేదు.

నేను పెద్ద చదువులు చదవలేదు. చూసీ చేసీ లెక్కలు నేర్చుకుని ఇప్పుడు ధాన్యం మిల్లులో తూకాలు చూస్తున్నాను. తక్కువ వచ్చిన రోజున మనుషుల్ని నిలదీయను. పక్కకు పిలిచి, ఏమైనా విడిగా ఉంచారా అని మెల్లగా అడుగుతాను. ఉంచామంటే, అదేమిటో చూపించమనను. ఎంత ఉందో చెబితే చాలు, తీసివేత నేను చేసుకుంటాను.