చీనీతోటలో మోటారు పెట్టె

మా చిన్నాయన తోట బత్తలపల్లె దాటాక రోడ్డుకు కాస్త లోపల ఉంటుంది. అన్నీ చీనీచెట్లే, అంటే బత్తాయి. బోరులో నీళ్లు ఆగి ఆగి వస్తాయి. కాసేపు పోసి నిలిచిపోతాయి. అప్పుడు మోటారు ఆపేసి, లోపల నీళ్లు ఊరేదాకా కాచుకుని, మళ్లీ వేయాలి. ఆపకపోతే నీళ్లు లేక మోటారు వేడెక్కి కాలిపోతుంది. అందుకని కరెంటు ఉన్నంతసేపూ చిన్నాయన స్టార్టర్ దగ్గరే కాపలా. పెళ్లిళ్లకూ పేరంటాలకూ చిన్నమ్మ ఒక్కతే వచ్చేది. "ఆయప్ప మోటారును కట్టుకున్యాడు, నన్ను కాదు" అని అందరినీ నవ్వించేది.

ఆ కాపలా తప్పించే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం. అనంతపురంలో ఇంట్లో కూర్చునే పని. నీళ్లు ఆగితే పెట్టె మోటారును ఆపుతుంది, కాసేపు విరామం ఇచ్చి మళ్లీ తనే వేస్తుంది. దాని పాత ప్రోగ్రాము సీ భాషలో ఉండేది. నలుగురి చేతులూ పడి అతుకుల బొంత అయిపోయింది. దాన్ని ఫంక్షనల్ భాషలోకి మార్చే పని నాకిచ్చారు. ఆ భాషలో రాసిన ప్రతి ముక్కా తన ముందుకొచ్చిన సంగతిని మాత్రమే చూసి జవాబు చెబుతుంది. వెనక ఏం జరిగిందో దానికదే గుర్తుపెట్టుకోదు. గుర్తుండాలంటే మనమే చేతికందించాలి. అందువల్ల తప్పు ఎక్కడుందో పట్టుకోవడం సులువు. నాకా పద్ధతంటే పిచ్చి. ఇల్లు ఊడ్చినంత శ్రద్ధగా పాత కోడును ఊడ్చాను.

అందులో ఒకచోట, నిమిషానికోసారి ఏదో అంకెను చిప్‌లో చెరగని చోట రాస్తూ పోయే ముక్క ఉంది. ఎందుకో ఎవరూ రాసిపెట్టలేదు. ఆఫీసు వాళ్లతో వీడియోలో మాట్లాడుతూ దాన్ని చూపించి, "ఎవరో బాగా భయస్తులు రాసినట్టున్నారు" అన్నాను. అందరూ నవ్వారు. తీసేశాను. బల్ల మీద మోటారుకు బదులు బల్బు పెట్టి పరీక్షించాను. నీళ్లు ఆగినట్టు నమ్మిస్తే బల్బు ఆరేది, విరామం అయ్యాక వెలిగేది. ఎన్నిసార్లు చూసినా తప్పులేదు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

మొదటి పెట్టెను ఎక్కడ బిగించి చూద్దామని కంపెనీ అడిగితే చిన్నాయన తోట చెప్పాను. "ఏమ్మా, ఇది ఆపుతాదా, నిజంగా?" అని ఆయన నమ్మలేనట్టు పెట్టెను తట్టి చూశాడు. "ఆపుతుంది చిన్నాయనా, నువ్వింక పెళ్లిళ్లకు పో" అన్నాను. కొన్నాళ్లు చక్కగా నడిచింది. ఆ ధైర్యంతోనే ఆయన చిన్నమ్మను తీసుకుని మడకశిరలో బంధువుల పెళ్లికి పోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడని చిన్నమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆ రోజు గాలి. తీగలు ఒకదానికొకటి తగిలి కరెంటు వచ్చి పోతూ, వచ్చి పోతూ ఉంది. నీళ్లు ఆగగానే పెట్టె మోటారును సరిగ్గానే ఆపింది. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నా ప్రోగ్రాము మొదటినుంచి మొదలయ్యేది. తాను విరామంలో ఉన్న సంగతి దానికి తెలియదు. వెంటనే మోటారు వేసేది. నేను నవ్వి పారేసిన ఆ ముక్క విరామంలో ఎంతసేపు మిగిలిందో రాసిపెట్టుకునేది మరి. నీళ్లు ఊరని బోరులో మోటారు ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోయింది.

కరెంటు పోతుందని తెలియని మనిషి ఈ జిల్లాలో ఉంటుందా? దీపం బుడ్డి దగ్గర చదువుకున్నదాన్ని. కరెంటు ఎప్పటికీ పోదన్నట్టు ప్రోగ్రాము రాశాను.

పైపులన్నీ పైకి లాగి, మోటారును వైండింగ్ షాపుకు తీసుకుపోయి, మళ్లీ దింపేసరికి ఎండలకు పిందెలు రాలిపోయాయి. చెట్ల కింద పచ్చగా పరుచుకున్న పిందెలను తొక్కకుండా నడవడానికి చోటు లేదు. అక్కడే చిన్నాయనకు జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన పిందెలను కాలితో పక్కకు జరుపుతూ, "కరెంటోళ్ల పాపం నీ నెత్తినేసుకుంటావేందమ్మా" అన్నాడు. ఊళ్లో అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు. నన్ను తిట్టి ఉంటే నేను తలెత్తుకుని ఏడ్చేదాన్ని. అలా వెనకేసుకొస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రోగ్రాము సరిచేశాను. ఈసారి బల్ల మీద ప్లగ్గు పీకి, పెట్టి, పీకి చూశాను. కొత్త పెట్టె తీసుకుపోతే చిన్నాయన కాదనలేదు. "బిగించు పాపా" అని స్క్రూలు కూడా తానే అందించాడు. అప్పట్నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట. "బెమ్మాండంగా పనిచేస్తాండాది."

కొన్ని వారాలకు తోటకు పోయాను. కంపెనీ మేనేజరు చిన్నాయనతో మాట్లాడాలన్నాడు. ఆయన మాటలు రికార్డు చేసి వేరే రైతులకు వినిపించాలని వాళ్ల ఆలోచన. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇచ్చాను. చిన్నాయన గొంతు సవరించుకుని, "మా పాప చేసిన పెట్టె సార్. నేను మోటారు ముఖమే చూడ్డంల్యా" అన్నాడు. ఆయన వెనక గోడకు పెట్టె ఉంది. దానికి లైటు వెలగడం లేదు. తీగలు ఊడదీసి, శుభ్రంగా చుట్టి, గుడ్డపేలికతో కట్టి ఉన్నాయి. మాట మధ్యలో కరెంటు వచ్చింది. ఆయన ఫోన్ నోటి దగ్గర అలాగే పెట్టుకుని, వెనక్కి కూడా చూడకుండా చెయ్యి చాపి స్టార్టర్ పచ్చబటన్ నొక్కాడు. అలవాటుగా, తనకు తెలియకుండానే నొక్కాడు.

"రైతుగారి మాటలు అందరికీ పంపించేస్తామండీ" అన్నాడు మేనేజరు నాతో, సంతోషంగా.

"వద్దు సార్" అన్నాను. "ఇక్కడ పెట్టె నడవడం లేదు. తీగలు తీసేసి ఉన్నాయి."

నిజం చెప్పాననే తృప్తి నాకు ఒక్క క్షణం కూడా నిలవలేదు. చిన్నాయన ముఖం నల్లబడింది. బయటివాడి ముందు అబద్ధం ఆడి దొరికిపోయిన మనిషిలా నిలబడ్డాడు. ఫోన్ నా చేతిలో పెట్టి చెట్ల వైపు తిరిగాడు.

"నీకోసరమే గదమ్మా చెప్తి" అన్నాడు. "నా మాట తీసేస్తివే."

మోటారు నీళ్లు పోస్తోంది. అవి ఆగేదాకా ఆయన స్టార్టర్ దగ్గర నుంచి కదల్లేడు గనుక, నేనే అక్కడినుంచి వచ్చేశాను.