ఇంకొక్క పట్టు

ఫ్రీస్‌లాండ్‌లోని లేవార్డెన్ కాలేజీలో విట్స్కె మేడమ్ అర్థశాస్త్రం మొదటి పాఠం ముప్పై ఏళ్ళుగా కాలవ గట్టునే చెబుతోంది. కాలవలో ఇంటికన్నా ఎత్తైన గడ నిలబెట్టి ఉంటుంది. పరుగెత్తుకొచ్చి దాన్ని వాటేసుకోవాలి, అది అవతలికి ఒరిగేలోపు పైకి పాకాలి, వదిలి ఆ గట్టు ఇసుకలోకి దూకాలి; వదలడం ఆలస్యమైతే నీళ్ళలోకే. ఫ్రీస్‌లాండ్ వాళ్ళకది వేసవి ఆట. ఆమెకు మాత్రం పాఠ్యపుస్తకం.

"ఎంత పాకితే అంత దూరం. మరి పాకుతూనే ఉండొచ్చుగా?" అని పిల్లల్ని కవ్విస్తుంది. "ఇంకొక్క పట్టుకి వచ్చేదెంత, పోయేదెంత? పోయేది ఎక్కువయ్యిందా, వదిలెయ్యాలి. మైక్రో ఎకనామిక్స్ అంటే ఇంతే. మిగతావన్నీ గీతలు!"

చెప్పడం తేలికే. ఇరవై నాలుగేళ్ళప్పుడు, ఈ ఆట పోటీల ఫైనల్ రోజున, గడ నడికాలవలో నిటారుగా నిలిచిన క్షణం ఆమెకింకా గుర్తే. రెల్లు కదల్లేదు, గట్టు మీద జనం నోళ్ళు మూతపడ్డాయి, లోకమంతా ఊపిరి బిగబట్టింది. ఆ హాయి వదల్లేక ఇంకొక్క పట్టు పాకింది. తీరా చూస్తే బురద నీళ్ళలో ఉంది. కలలో మాత్రం ఈనాటికీ ఆ గడ ఒరగదు, ఆమె దిగదు.

ఈ ఏడు ఆమె దిగులంతా రీంక్ గురించే. పాడిరైతు కొడుకు, గడ దూకడంలో ఘనుడు. పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే చదువుకు నీళ్ళొదులుకోవలసిందే. తెలియక కాదు. సరైన జవాబే రాసి, అనుమానంతో ఇంకేదో చేర్చి, చివరికి మంచిదాన్నే కొట్టేస్తాడు.

పరీక్షకు వారం ముందు అతణ్ణి కాలవకు తీసుకెళ్ళి దూకించింది. పొడి ఇసుకలో దిగాడు. ఇద్దరూ గట్టున కూర్చుని చక్కెర రొట్టె తిన్నారు.

"అక్కడే ఎందుకు వదిలావురా?"

"ఇంకొక్కటి పాకితే మునిగేవాణ్ణి మేడమ్. అంతమాత్రం తెలీదా?"

"మరి పరీక్షలో ఏమైంది ఆ తెలివి?"

"కాయితం మీద నీళ్ళు కనబడవు మేడమ్."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఫైనల్ రోజున తనకు నీళ్ళు కనబడుతూనే ఉన్నాయి కదా, అయినా పాకింది.

పరీక్ష రోజు, ఇంకా గంట సమయం ఉండగానే, రీంక్ లేచి ఆమెకు కాగితం ఇచ్చి వెళ్ళిపోయాడు. 'పరీక్షే వదిలేసుకున్నాడు, పిచ్చి సన్నాసి!' అనుకుంది ఆమె. కిటికీలోంచి చూస్తే చేతులూపుకుంటూ కాలవ వెంబడి పోతున్నాడు. గబగబా కాగితం తిప్పింది. ప్రతి ప్రశ్నకూ నాలుగే వరుసలు, ఒకటి రెండు తప్ప అన్నీ సరైనవే. చివరి జవాబు కింద 'అయితే' అని ఒక్క మాట రాసి ఉంది. దాని తరవాత ఏమీ లేదు.

ఆమె పదికి ఎనిమిది వేసి, 'ఇసుకలోనే దిగావు' అని రాసింది. అంత ఆనందంలో ఇంకా ఎన్నో రాయాలనిపించింది: పొగడ్త, జాగ్రత్త, తన ఫైనల్ కథ. కలం కాగితానికి ఆనింది కూడా.

కలాన్ని పైకెత్తి, మూత పెట్టేసింది.